పిలుపు అర్థంకాక పోటీ పోతే ఎలా? ఫైటింగ్ గేమ్స్‌పై పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

టెక్కెన్, స్ట్రీట్ ఫైటర్ పోటీల మీద సందేహాలుంటే రాయమని కిందటి సంచికలో అడిగాం. విజయవాడ, గుంటూరుల నుంచి వచ్చిన ఉత్తరాల్లో కాంబోల (వరసగా తగిలించే దెబ్బల) గురించి అడిగినవాళ్లు తక్కువే. పోటీ హాల్లో వినబడే భాష, అక్కడి రూళ్లు, వాటివల్ల జరిగే అన్యాయాల గురించి అడిగినవాళ్లే ఎక్కువ. అందుకే ఈసారి శీర్షిక మొత్తం వాటికే ఇచ్చాం.

మావాడు ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. ఈమధ్య టెక్కెన్ 8 పోటీకి డబ్బు కట్టి వెళ్లాడు. మైకులో ఇంగ్లీషులో గబగబా పిలిచారట, వీడికి అర్థం కాలేదు. తర్వాత వెళ్లి అడిగితే ‘డీక్యూ అయిపోయావు’ అన్నారు. ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండా ఇంటికొచ్చాడు. తప్పు ఎవరిదండీ?
– ఒక తండ్రి, పటమట

పిలిచిన టైముకి రాని ఆటగాణ్ణి తీసెయ్యడం (డిస్‌క్వాలిఫై, పొట్టిగా డీక్యూ) అన్ని పోటీల్లోనూ ఉన్నదే. మామూలుగా ఐదు నుంచి పది నిమిషాలు చూస్తారు. కానీ ఆ రూలు చెల్లాలంటే పిలుపు ఆటగాడికి చేరాలి. చేరని పిలుపుకి శిక్ష వేయడం అన్యాయమే. ఇందులో మాకు రెండో అభిప్రాయం లేదు.

మీవాడి విషయంలో ఇంకో మాట అడగాలి. అది డబుల్ ఎలిమినేషన్ పోటీయేనా? ఫైటింగ్ గేమ్ పోటీలు ఎక్కువగా ఆ పద్ధతిలోనే జరుగుతాయి. రెండుసార్లు ఓడితేనే బయటికి. ఒక మ్యాచ్‌కి రాకపోతే ఆ మ్యాచ్ ఒక్కటే పోవాలి, ఆటగాడు లూజర్స్ సైడ్‌కి (ఒకసారి ఓడినవాళ్ల విభాగానికి) వెళ్లి అక్కడ ఆడొచ్చు. చాలామంది కొత్త పిల్లలకి ఈ సంగతి తెలియదు. ‘డీక్యూ’ అన్న మాట వినగానే అంతా అయిపోయిందనుకుని బ్యాగు సర్దుకుంటారు. లూజర్స్ సైడ్‌లో కూడా పేరు పిలిచి, అప్పటికి పిల్లవాడు హాల్లో లేకపోతే అది రెండో డీక్యూ అవుతుంది. మీవాడికి జరిగింది ఇదేనేమో కనుక్కోండి.

ఇకముందు పోటీకి వెళ్లినప్పుడు చెక్-ఇన్ బల్ల దగ్గరే మూడు సంగతులు తెలుసుకోమనండి: తను ఏ పూల్‌లో (ఆటగాళ్ల చిన్న గుంపులో) ఉన్నాడు, ఆ పూల్ ఎన్ని గంటలకి మొదలవుతుంది, బ్రాకెట్ (ఎవరు ఎవరితో ఆడాలో చూపే పట్టిక) ఫోన్లో ఎక్కడ చూసుకోవాలి. స్టార్ట్.జీజీ, చాలొంజ్ లాంటి వెబ్‌సైట్లలో బ్రాకెట్ పెట్టి ఉంటే మైకు మీద ఆధారపడే పనే లేదు. తన పేరు పక్కన ప్రత్యర్థి పేరు పడిందంటే పిలుపు దగ్గర పడిందనే లెక్క. ‘నేను ఇంగ్లీషు పిలుపు పట్టుకోలేను, తెలుగులో చెప్పండి’ అని బల్ల దగ్గర ముందే చెప్పాలి. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు.

బ్రాడీపేటలో గేమింగ్ సెంటర్ నడుపుతున్నాను. 32 మందితో టెక్కెన్ 8 పోటీ పెట్టాలని ఉంది. చెన్నై, బెంగళూరు, హైదరాబాద్ కుర్రాళ్లు కూడా వస్తామంటున్నారు. ఎవరికీ అన్యాయం జరగకుండా ఏర్పాట్లు ఎలా చేయాలి? నా దగ్గర నాలుగు పీఎస్5లు (ప్లేస్టేషన్ 5) ఉన్నాయి.
– సెంటర్ యజమాని, గుంటూరు

ముందు టైము లెక్క చూసుకోండి. అన్యాయాలు ఎక్కువగా హడావిడిలోనే జరుగుతాయి. 32 మందితో డబుల్ ఎలిమినేషన్ అంటే 62 మ్యాచ్‌లు. ఫైనల్లో లూజర్స్ సైడ్ నుంచి వచ్చినవాడు గెలిస్తే ఇంకో సెట్ (మ్యాచ్) ఆడాలి కాబట్టి 63. మూడింట రెండు గెలిచే పద్ధతిలో ఒక మ్యాచ్‌కి కూర్చోవడం, బటన్లు చూసుకోవడం, లేవడం కలిపి 12 నిమిషాలు వేసుకోండి. నాలుగు సెటప్‌ల (ఒక్కో పీఎస్5, దాని తెర) మీద 62 మ్యాచ్‌లు పంచితే మూడు గంటలు దాటుతుంది. కానీ చివర్లో లూజర్స్ సైడ్ ఒక్కో మ్యాచ్‌గా నడుస్తుంది, అప్పుడు మూడు సెటప్‌లు ఖాళీగానే ఉంటాయి. కాబట్టి అయిదు గంటలు అనుకోండి. భాష వల్ల ఒక్కో మ్యాచ్ దగ్గర రెండు నిమిషాలు పోయినా మొత్తం మీద అరగంట ఆలస్యం. సాయంత్రం రైలు పట్టుకోవాల్సిన చెన్నై కుర్రాడు ఆ అరగంట వల్లే సెమీస్ వదులుకుని వెళ్లిపోవచ్చు. ఉదయం తొమ్మిదికల్లా మొదలుపెట్టండి.

పిలుపులు అంకెల్లో పెట్టండి. ప్రతి ఆటగాడి చొక్కాకి 1 నుంచి 32 దాకా నంబరు, ప్రతి సెటప్ మీద పెద్ద అక్షరాల్లో ఏ, బీ, సీ, డీ. ‘పదిహేడు, ఇరవై రెండు, సెటప్ బీ’ అని తెలుగులో ఒకసారి, హిందీలో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి చెప్పడానికి పదిహేను సెకన్లు చాలు. ఆటగాళ్ల ట్యాగులతో (ఆట కోసం పెట్టుకున్న మారుపేర్లతో) పిలిస్తే చిక్కే. తెలుగు మాటని ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్న ట్యాగుని మైకు పట్టుకున్న బయటూరి కుర్రాడు చదివితే, ఆ ట్యాగు పెట్టుకున్నవాడికే అది తనదని తెలియదు. మైకుతోపాటు గోడ మీద ఒక టీవీలో బ్రాకెట్ కనబడాలి, ఆటగాళ్ల వాట్సాప్ గ్రూపులో అవే నంబర్లు పడాలి. డీక్యూ గడియారం మొదటి పిలుపుతో కాదు, రెండో పిలుపుతో మొదలవ్వాలి. ఆ ఇద్దరూ హాల్లో ఉన్నారేమో ఒక మనిషి వెళ్లి చూసిరావాలి. నంబరు చొక్కా మీద ఉంది కాబట్టి వెతకడం కష్టం కాదు.

రూళ్లు ఒక ఏ4 కాగితం దాటకూడదు. ఒకవైపు తెలుగు, రెండోవైపు ఇంగ్లీషు. హైదరాబాద్ వాళ్ల కోసం హిందీ, చెన్నై వాళ్ల కోసం తమిళం విడి కాగితాల మీద. అందులో తప్పనిసరిగా ఉండాల్సినవి: ఒక సెట్‌కి ఎన్ని గేములు, ఓడినవాడు క్యారెక్టర్ మార్చుకోవచ్చా, గెలిచినవాడు మార్చకూడదా (చాలా పోటీల్లో మార్చకూడదు), స్టేజి (ఆటలో పోరు జరిగే చోటు) ఎలా ఎంచుతారు, ఏ వైపు కూర్చోవాలన్న తగువు ఎలా తీరుస్తారు (రాయి-కాగితం-కత్తెర చాలు), మ్యాచ్ మధ్యలో పాజ్ పడితే శిక్ష ఏమిటి, మధ్యలో సలహాలు చెప్పొచ్చా లేదా, డీక్యూ ఎన్ని నిమిషాలకి. పోటీ మొదలవకముందు పది నిమిషాలు అందరినీ కూర్చోబెట్టి ఈ కాగితం గట్టిగా చదివి వినిపించండి.

రెండు భాషల్లో రాసిన రూలు రెండు రకాలుగా అర్థమైతే ఏది చెల్లుతుందన్నది కూడా కాగితం మీదే ఉండాలి. మా సలహా ఇది: ఒక భాష ప్రతిని అసలుగా ప్రకటించండి. అయితే తెలుగు ప్రతి చదివి దాని ప్రకారం నడిచిన ఆటగాడికి శిక్ష వేయకండి. ఆ గేము మళ్లీ ఆడించండి, కాగితం సరిదిద్దండి, మిగతావాళ్లందరికీ మైకులో చెప్పండి. మన అనువాదం తప్పయితే దాని ఖర్చు పిల్లల మీద పడకూడదు.

నాలుగు సెటప్‌లకి ఇద్దరు రిఫరీలు కావాలి. ఇద్దరికీ తెలుగు ఒక్కటే వస్తే లాభం లేదు. ఒకరికైనా హిందీ, ఇంగ్లీషు రావాలి. తమిళం తెలిసినవాళ్లు దొరికితే అదృష్టం. రిఫరీ సైగలు కూడా ముందే చూపించండి: అరచెయ్యి పైకెత్తితే ఆపమని, రెండు చేతులూ అడ్డంగా పెడితే ఆ రౌండు పోయిందని, బొటనవేలు చూపిస్తే మొదలుపెట్టమని.

కరెంటు సంగతి మరిచిపోకండి. ఒక పీఎస్5 ఆట నడుస్తుండగా సుమారు 200 వాట్లు లాగుతుంది, మానిటర్‌తో కలిపి పావు కిలోవాట్ అనుకోండి. నాలుగింటికీ ఒక కిలోవాట్. గుంటూరు ఎండల్లో ఏసీల లోడు ఇంకో లైను మీద వేయించండి. యూపీఎస్ లేని సెటప్ మీద మ్యాచ్ మధ్యలో కరెంటు పోతే, ఆ గేము ఎవరిదన్న వాదన నాలుగు భాషల్లో నడుస్తుంది. కరెంటు పోతే ఏం చేస్తారో (ఆ గేము మొదటినుంచి, అవే క్యారెక్టర్లతో, అదే స్టేజిలో) కాగితంలో రాసిపెట్టండి.

మేం ఆడుతుంటే వెనక నుంచి స్నేహితులు తెలుగులో అరుస్తారు. అవతలివాడు బెంగళూరు కుర్రాడు, వాడికి తెలుగు రాదు, గొడవ పెట్టుకున్నాడు. ప్రేక్షకులు అరవడం కూడా తప్పేనా?
– డిగ్రీ విద్యార్థి, లక్ష్మీపురం

ఉత్సాహంగా అరవడం తప్పు కాదు. సలహా చెప్పడం తప్పు. ఈ రెండింటికీ మధ్య గీత ఎక్కడుందో తెలియాలంటే ఆట వేగం తెలియాలి. ఈ ఆటలు సెకనుకి 60 ఫ్రేములతో (తెర మీద మారే బొమ్మలతో) నడుస్తాయి. మనిషి కంటితో చూసి వేలు కదపడానికే పావు సెకను దాకా పడుతుంది, అంటే 15 ఫ్రేములు. ఎవరో అరిచిన మాట విని, అర్థం చేసుకుని, బటన్ నొక్కేసరికి ఇంకా ఎక్కువ. టెక్కెన్‌లో జాబ్ (వేగంగా వేసే చిన్న గుద్దు) 10 ఫ్రేముల్లో వచ్చి తగులుతుంది. కాబట్టి ‘కొడుతున్నాడ్రా, చూసుకో’ అన్న అరుపు వల్ల చాలాసార్లు ఏ లాభమూ ఉండదు. నెమ్మదిగా వచ్చే లో కిక్కుల దగ్గర మాత్రం కొంచెం పనికొస్తుంది.

అసలు ప్రమాదం వేరే రకం అరుపుతో. ‘వాడు బ్లాక్ చేశాక ప్రతిసారీ జాబ్ వేస్తున్నాడు, కూర్చుని గాల్లోకి లేపు’, ‘ఆ స్ట్రింగ్‌లో (వరస దెబ్బల్లో) రెండోది హై (తల మీదికి వచ్చేది), కిందకి వంగు’ లాంటి మాటలు ఒక్క దెబ్బకి సంబంధించినవి కావు. మిగిలిన రెండు గేములూ మార్చేస్తాయి. ప్రత్యర్థి అలవాటుని ఆటగాడే కనిపెట్టాలి, ఈ ఆటలో సగం నైపుణ్యం అక్కడే ఉంది. దాన్ని వెనక నుంచి ఎవరో అందిస్తే ఇద్దరు కలిసి ఒకరితో ఆడినట్టే.

భాష ఇక్కడ అన్యాయాన్ని రెట్టింపు చేస్తుంది. అదే సలహా ఇంగ్లీషులో చెబితే బెంగళూరు కుర్రాడికీ అర్థమవుతుంది, తను ఆట మార్చుకుంటాడు, రిఫరీకీ వినబడుతుంది. తెలుగులో చెబితే ఒక్కడికే అందుతుంది. అతను గొడవ పెట్టుకోవడంలో న్యాయం ఉంది. రేపు మీరు చెన్నై వెళ్లి ఆడితే, మీ వెనక నలుగురు తమిళంలో మాట్లాడుకుంటుంటే మీకూ అదే కోపం వస్తుంది.

నిర్వాహకులు చేయాల్సింది: ప్రేక్షకుల వరస ఆటగాళ్ల కుర్చీల నుంచి కనీసం రెండు మీటర్లు వెనక్కి జరపాలి. ఇద్దరికీ చెవులు మూసే హెడ్‌ఫోన్లు, రెండింట్లోనూ ఒకే ఆట ధ్వని. మొదటిసారి సలహా వినబడితే రిఫరీ ఆ ప్రేక్షకుణ్ణి హెచ్చరించాలి, రెండోసారి బయటికి పంపాలి. ఆటగాడు అడిగి తీసుకున్న సలహా అయితే ఆ గేము అతనికి పోవాలి. అడక్కుండా ఎవరో అరిస్తే ఆటగాణ్ణి శిక్షించడం సరికాదు. లేకపోతే ప్రత్యర్థి స్నేహితుడే మీ వెనక నిలబడి అరిచి మిమ్మల్ని ఓడించగలడు.

గేముకీ గేముకీ మధ్య కోచ్ వచ్చి మాట్లాడొచ్చా అన్నది ఒక్కో పోటీలో ఒక్కో రకంగా ఉంటుంది. చిన్న పోటీల్లో పూర్తిగా వద్దనడమే మంచిది. కోచ్‌ని తీసుకురాగల ఆటగాళ్లు వాళ్లలో ఇద్దరు ముగ్గురే ఉంటారు.

అన్నయ్యనో స్నేహితుణ్ణో దుబాసీగా పక్కన కూర్చోబెట్టుకోవచ్చా?
– మంగళగిరి నుంచి ఒక పాఠకుడు

వద్దు. రిఫరీ ‘ఈ పాజ్‌కి రౌండు పోయింది’ అంటే అన్నయ్య దాన్ని తెలుగులో చెబుతూ ‘ఇక త్రోలు వెయ్, వాడు విడిపించుకోవట్లేదు’ అని కలిపేస్తాడు. కావాలని చేయకపోయినా నోటికి వచ్చేస్తుంది. దుబాసీ నిర్వాహకుల మనిషే కావాలి. ఆటగాడి వెనక కాకుండా రిఫరీ పక్కన నిలబడాలి. రిఫరీ అన్నది అన్నట్టు, ఆటగాడు అన్నది అన్నట్టు చెప్పాలి, రెండూ ఇద్దరు ఆటగాళ్లకీ వినబడేలా. ఆ మాట్లాడే టైముని ఎవరి విరామంలోంచీ కోయకూడదు.

మా తమ్ముడు తెలుగు మీడియం. స్ట్రీట్ ఫైటర్ 6, టెక్కెన్ 8 రెండింట్లోనూ తెలుగు లేదు. మెనూలు చదవలేక బటన్లు పెట్టుకోవడంలో తడబడి, ఒకసారి మ్యాచ్ మధ్యలో పాజ్ నొక్కి రౌండు పోగొట్టుకున్నాడు. ఏం నేర్చుకుంటే సరిపోతుంది?
– ఒక అక్క, సత్యనారాయణపురం

మెనూ అంతా అర్థం కానక్కర్లేదు, మూడు చోట్లు గుర్తుంటే చాలు. మొదటిది బటన్ సెట్టింగ్. రెండు ఆటల్లోనూ బటన్ల బొమ్మలతోనే ఉంటుంది. ఇంట్లో తన అమరికని ఫోటో తీసి ఫోన్లో పెట్టుకోమనండి. పోటీలో కూర్చోగానే ఆ ఫోటో చూస్తూ ఒక్కొక్కటే సరిచేసుకోవచ్చు. సెట్టింగ్ అయ్యాక ప్రతి బటన్ ఒకసారి నొక్కి చూడాలి. ఇది మ్యాచ్ మొదలవకముందే జరగాలి. మొదలయ్యాక ‘నా బటన్లు తప్పున్నాయి’ అని ఆపితే చాలాచోట్ల రౌండు పోతుంది.

రెండోది, పీఎస్5 కంట్రోలర్‌ని కేబుల్‌తో పనిచేసేలా పెట్టడం. సెట్టింగ్స్, యాక్సెసరీస్, కంట్రోలర్ అన్న వరసలో వెళితే కమ్యూనికేషన్ మెథడ్ అని ఉంటుంది, అక్కడ యూఎస్‌బీ కేబుల్ ఎంచుకోవాలి. ఇది చేయకపోతే కేబుల్ గుచ్చినా కంట్రోలర్ బ్లూటూత్ మీదే నడుస్తుంది. ఆట అయ్యాక ఆ కంట్రోలర్‌ని తీసుకెళ్లి హాలు చివర కూర్చుని పొరపాటున పీఎస్ బటన్ నొక్కినా, ఇందాకటి సెటప్‌లో ఎవరిదో మ్యాచ్ ఆగిపోతుంది. ఇలా ఆగినప్పుడు శిక్ష పడేది ఆ కంట్రోలర్ మనిషికి కాదు, పాపం అక్కడ ఆడుతున్నవాళ్ల మ్యాచే చెడిపోతుంది. అందుకే లేచేముందు కంట్రోలర్‌ని ఆ సెటప్ నుంచి విడదీశానని రిఫరీకి చూపించి లేవాలి.

మూడోది ఆప్షన్స్ బటన్. పాజ్ పడేది దానితోనే. పోటీకి వచ్చాక వేలు అటు పోకుండా సాధన చేయడమొక్కటే మార్గం. పాజ్‌కి రౌండు పోగొట్టడం కఠినంగా కనిపిస్తుంది గాని, దానికి కారణం ఉంది. అవతలివాడు కాంబో మధ్యలో ఉంటే ఆ లయ తెగుతుంది, మళ్లీ అక్కడినుంచి అందుకోలేడు.

ఆట నేర్చుకోవడానికి ఇంగ్లీషు రాకపోవడం పెద్ద అడ్డు కాదని తమ్ముడికి చెప్పండి. స్ట్రీట్ ఫైటర్ 6 ట్రైనింగ్ మోడ్‌లో ఫ్రేమ్ మీటర్ ఉంది. దెబ్బ బయలుదేరేటప్పుడు ఆకుపచ్చ, తగిలేటప్పుడు ఎరుపు, వెనక్కి తగ్గేటప్పుడు నీలం. ఆ నీలం ఎంత పొడుగుంటే అంత శిక్షించొచ్చు. రంగులు చూసి నేర్చుకోవచ్చు, చదవాల్సింది ఏమీ లేదు. టెక్కెన్‌లో బ్లాక్ చేశాక మైనస్ 10 అని (అంటే కొట్టినవాడు మనకన్నా 10 ఫ్రేములు ఆలస్యంగా తేరుకుంటాడని) అంకె కనబడితే 10 ఫ్రేముల జాబ్‌తో తప్పకుండా కొట్టొచ్చు. మైనస్ 9 అయితే కొట్టలేం. ఇవి అంకెలే.

అంకెల దగ్గర ఒక జాగ్రత్త. స్ట్రీట్ ఫైటర్ వాళ్లు దిక్కుల్ని కీబోర్డు కుడిపక్కన గడిలా ఉండే నంబర్ల మీటలతో (నంబర్‌ప్యాడ్) రాస్తారు. 6 ముందుకి, 4 వెనక్కి, 2 కిందకి, 8 పైకి. హడోకెన్ అనే దెబ్బ అంటే 236 (కిందకి, కింద-ముందు మూలకి, ముందుకి), ఆ వెంటనే పంచ్. టెక్కెన్ వాళ్లకి 1, 2, 3, 4 అంటే ఎడమ చెయ్యి, కుడి చెయ్యి, ఎడమ కాలు, కుడి కాలు. స్నేహితులు వాట్సాప్‌లో ‘4’ అని పంపితే ఏ ఆట గురించో ముందు అడగాలి.

మా బృందం యూట్యూబ్‌లో తెలుగు కామెంటరీ ఇస్తుంది. హాల్లో స్పీకర్లలో కూడా వదలొచ్చా?
– గవర్నర్‌పేట

చివరి ఎనిమిది మంది మ్యాచ్‌ల దాకా వదలకండి. కామెంటరీ చెప్పేవాళ్లు ఆట బాగా తెలిసినవాళ్లు. ‘చూశారా, ఈ కుర్రాడు గోడ దగ్గరికి రాగానే పవర్ క్రష్ (అవతలి దెబ్బల్ని తట్టుకుంటూ సాగే దెబ్బ) వాడుతున్నాడు’ అంటారు. అది వాళ్ల పని, తప్పులేదు. కానీ తెలుగు వచ్చిన ఆటగాడికి అది ఉచిత కోచింగ్. ఫైనల్స్‌లో జనం కోసం వదలాలనుకుంటే ఆటగాళ్లిద్దరికీ హెడ్‌ఫోన్లు పెట్టి, స్పీకర్లు వాళ్లకి వెనుదిరిగేలా పెట్టండి. యూట్యూబ్‌లో మాత్రం ధారాళంగా చెప్పండి. తెలుగులో ఈ ఆటలకి కామెంటరీ చాలా అవసరం.

మా చెల్లికి చెవులు వినబడవు. టెక్కెన్ బాగా ఆడుతుంది. పోటీకి తీసుకెళ్లాలంటే భయంగా ఉంది.
– ఒక అన్నయ్య, అమరావతి రోడ్డు, గుంటూరు

తప్పకుండా తీసుకెళ్లండి. టెక్కెన్‌లో గెలవడానికి కావలసినదంతా తెర మీదే కనిపిస్తుంది. శబ్దం సహాయం చేస్తుందే గాని, తప్పనిసరి కాదు. ఇబ్బంది ఆట చుట్టూ ఉంటుంది: పిలుపులు, రిఫరీ మాటలు, వాదన వచ్చినప్పుడు చెప్పుకోవడం.

వారం ముందే నిర్వాహకులకి రాతపూర్వకంగా తెలపండి. పిలుపు ఫోన్‌కి మెసేజ్‌గా రావాలి, ఫోన్ వైబ్రేషన్ మీద ఉంచాలి. అంతేకాదు, ఒక మనిషి వచ్చి భుజం తట్టి చెప్పాలి. మ్యాచ్ మొదలయ్యేముందు రిఫరీ ఇద్దరి కళ్లలోకీ చూసి బొటనవేలు చూపించాలి, చెల్లి తిరిగి చూపించాకే మొదలు. మ్యాచ్ మధ్యలో ఆపాల్సి వస్తే అరవకుండా తెర ముందు ఎర్ర కార్డు అడ్డుపెట్టాలి. చెల్లి వాడుకోవడానికి ఓ పది వాక్యాల కార్డులు రాసివ్వండి: ‘బటన్లు చూసుకోవాలి’, ‘కంట్రోలర్ పనిచేయడం లేదు’, ‘ఈ నిర్ణయం అర్థం కాలేదు’, ‘పెద్ద రిఫరీని పిలవండి’, ఇలా. ఒకవైపు తెలుగు, మరోవైపు ఇంగ్లీషు ఉంటే ఏ ఊరి రిఫరీకైనా చూపించొచ్చు. సైన్ భాష తెలిసినవాళ్లు ఉంటే మంచిదే, వాళ్లకీ పైన దుబాసీ గురించి చెప్పిన నియమాలే.

ఇవన్నీ వినబడనివాళ్లకోసమే అనుకోవద్దు. మెసేజ్ పిలుపు, బొటనవేలు, కార్డులు ఉంటే తెలుగు రాని ఆటగాడికీ, ఇంగ్లీషు రాని ఆటగాడికీ కూడా పోటీ సాఫీగా సాగుతుంది. నిర్వాహకులు ఒప్పుకోకపోతే మాకు రాయండి, వాళ్లతో మేం మాట్లాడతాం.

స్ట్రీట్ ఫైటర్ 6లో మోడర్న్ కంట్రోల్స్ (సులువు బటన్ల పద్ధతి) వాడేవాళ్లు ఒక్క బటన్‌తో స్పెషల్స్ (హడోకెన్ లాంటి ప్రత్యేక దెబ్బలు) వేసేస్తున్నారు. ఇది న్యాయమా?
– బెంజ్ సర్కిల్

న్యాయమే. అలా ఒక్క బటన్‌తో వేసిన స్పెషల్‌కి దెబ్బ 80 శాతమే పడుతుంది, కొన్ని మామూలు దెబ్బలు కూడా వాళ్లకి దొరకవు. మామూలు క్లాసిక్, మోడర్న్ కాక డైనమిక్ అనే మూడో పద్ధతి వేరు. అక్కడ ఏ దెబ్బ వెయ్యాలో యంత్రమే ఎంచుతుంది, పోటీల్లో దానికి చోటు లేదు. కొత్తగా వచ్చిన పిల్లలు మెనూ చదవలేక పొరపాటున డైనమిక్ ఎంచుకుంటున్నారేమో రిఫరీ చూసుకోవాలి. క్యారెక్టర్ ఎంచే తెరలోనే అది కనబడుతుంది.

పోటీ పక్కన కుర్రాళ్లు ఐదొందలు, వెయ్యి పందెం కాసి ఆడుతున్నారు. పరవాలేదా?
– కొత్తపేట, గుంటూరు

పరవాలేదని మేం చెప్పం. మన రాష్ట్రంలో గేమింగ్ చట్టం 1974 నుంచి ఉంది, 2020లో ఇంకా కఠినం చేశారు. కేంద్రం కూడా 2025లో డబ్బు పందేల ఆన్‌లైన్ ఆటల్ని నిషేధిస్తూ, ఈ-స్పోర్ట్స్‌ని వాటినుంచి వేరుచేసి చట్టం తెచ్చింది. ప్రవేశ రుసుము, ప్రకటించిన బహుమతి ఒక దారి, పందెం ఇంకో దారి. రెండూ ఒకే హాల్లో కలిస్తే పోటీ మొత్తానికి చెడ్డపేరు.

ఇంగ్లీషు, జపనీస్ రాకుండా అంతర్జాతీయ పోటీల దాకా వెళ్లగలమా?
– ఇంజనీరింగ్ విద్యార్థి, కానూరు

2019లో లాహోర్ టెక్కెన్ కుర్రాడు అర్సలాన్ యాష్ ముందు జపాన్‌లో ఇవో (ఫైటింగ్ గేమ్స్‌కి పేరున్న అంతర్జాతీయ పోటీ) గెలిచాడు, అదే ఏడాది లాస్ వెగాస్‌లో కొరియా దిగ్గజం బే జేమిన్‌ని ఫైనల్లో ఓడించి ఇవో గెలిచాడు. అప్పటిదాకా పాకిస్తాన్ ఆటగాళ్ల గురించి బయట తెలిసింది బహు తక్కువ. అడ్డుపడింది ఎక్కువగా వీసాలు, ప్రయాణపు ఖర్చులు. మన దేశం నుంచి కూడా హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో స్ట్రీట్ ఫైటర్ 5 ఆడటానికి ఇద్దరు వెళ్లారు. దారి ఉంది.

అక్కడికెళ్లేముందు తెలుసుకోవాల్సిన చిన్న విషయం ఒకటి. ప్రత్యర్థికి తెలియకుండా క్యారెక్టర్ ఎంచాలంటే రిఫరీ చెవిలో పేరు చెప్పాలి. జపాన్‌లో కొన్ని పేర్లు వేరు. స్ట్రీట్ ఫైటర్‌లో మనం బైసన్ అనేవాణ్ణి వాళ్లు వేగా అంటారు, అకుమాని గౌకి అంటారు. పేరు చెప్పడం కన్నా ఫోన్లో బొమ్మ చూపించడం మేలు. మన ఊళ్లో పోటీల్లో కూడా ఇదే పద్ధతి పెట్టొచ్చు, క్యారెక్టర్ల బొమ్మలున్న కాగితం మీద వేలు పెట్టి చూపిస్తే సరిపోతుంది.

రిఫరీ నిర్ణయం తప్పనిపిస్తే, అది కూడా భాష తేడా వల్లే జరిగిందనిపిస్తే ఎవరికి, ఎలా చెప్పుకోవాలి?
– భవానీపురం

మొదట, తర్వాతి గేము మొదలుపెట్టకండి. మొదలుపెట్టారంటే పాత నిర్ణయం ఒప్పుకున్నట్టే లెక్క. కంట్రోలర్ ఒళ్లో పెట్టుకుని చెయ్యి ఎత్తండి. కుర్చీ వదలకండి, కుర్చీ వదిలితే మ్యాచ్ వదిలేశారనే పోటీలూ ఉన్నాయి. తెర మీద ఏముందో అది అలాగే ఉంచి ఫోటో తీయండి, స్కోరు కనబడాలి.

రిఫరీతో వాదించకుండా పెద్ద నిర్వాహకుణ్ణి పిలవమనండి. వచ్చాక మీ భాషలోనే చెప్పండి. రాని ఇంగ్లీషులో కోపంగా చెప్పబోతే మీరు ఒప్పుకుంటున్నారో కాదంటున్నారో కూడా తెలియకుండా పోతుంది. మూడు విషయాలే చెప్పాలి: ఏం జరిగింది, రిఫరీ ఏమన్నారు, మీరు ఏమని అర్థం చేసుకున్నారు. ఆటలో ఎవరు బాగా ఆడారన్నది ఇక్కడికి తేవద్దు. ప్రత్యర్థికి కూడా చెప్పుకునే అవకాశం, అతని భాషలో, ఇవ్వాలి. రూళ్ల కాగితంలో ఏ వాక్యం ప్రకారం నిర్ణయం ఇస్తున్నారో వేలు పెట్టి చూపించమని అడగండి. ఆ హక్కు మీకుంది.

పెద్ద నిర్వాహకుడి మాటే ఆ రోజుకి ఆఖరు. నచ్చకపోయినా ఆడండి. ఆట అయ్యాక, ఆ వారంలోనే, ఫోటోతో సహా రాసి పంపండి. కాగితంలో ఏ వాక్యం మిమ్మల్ని తప్పుదారి పట్టించిందో స్పష్టంగా రాస్తే తర్వాతి పోటీకి ఆ వాక్యాన్ని మార్చడం వాళ్లకి తేలిక.